బొల్లారం నుంచి జాఫ్నాకు

బహదూర్‌పల్లిలో ఉదయం పూట ఆకాశం నిశ్శబ్దంగా ఉండడం అరుదు. దుండిగల్ వాయుసేన అకాడమీ మాకు దగ్గరే. అక్కడ విమానం నడపడం నేర్చుకునే కుర్రవాళ్ళు మా డాబాల మీదుగా చక్కర్లు కొడుతుంటారు. తూర్పుకు తిరిగితే హకీంపేట, అదీ వాయుసేనదే. దాని పక్కన బొల్లారం, తిరుమలగిరి, మైళ్ళ పొడవునా కంటోన్మెంటు గోడలు. (బొల్లారమంటే పటాన్‌చెరు వైపున్న పారిశ్రామికవాడ అనుకునేరు. నేను చెబుతున్నది రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం.) మేడ్చల్, శామీర్‌పేట వైపు స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్నవారిలో విశ్రాంత సైనికులు తక్కువేమీ కాదు. అందుచేత మావైపు సాయంకాలపు కబుర్లలో యుద్ధం ప్రస్తావన తరచు వస్తుంది.

ఈమధ్య అటువంటి సంభాషణలోనే ఒక యువమిత్రుడు ఒక ప్రశ్న వేశాడు. "ఉగ్రవాదులు పరాయి దేశంలో తిష్ఠ వేశారనుకోండి. సేనను పంపించి, వాళ్ళ వేళ్ళు పూర్తిగా పెకలించేదాకా ఐదేళ్ళైనా పదేళ్ళైనా అక్కడే ఉంచడంలో తప్పేముంది సార్? మధ్యలో వదిలి రావడమే కదా అసలు తప్పు?"

ప్రశ్న సూటిగా ఉంది. అడిగినవాడు యుద్ధోన్మాది కాడు, చదువుకున్నవాడు, మంచివాడు. అమెరికా వాళ్ళు ఆఫ్ఘనిస్తాన్‌లో ఇంకొంతకాలం ఉండి ఉంటే బాగుండేదన్నది అతని బాధ. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఈ ప్రశ్నకు సంబంధించిన సాక్ష్యం కాబూల్‌లో కంటే మా తూర్పు దిక్కున, ఆ కంటోన్మెంటు గోడల వెనుకనే ఎక్కువ ఉందనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పరాయి గడ్డ మీద ఉగ్రవాదంపై దీర్ఘకాలం సాగే సైనిక జోక్యం సమర్థనీయం కాదు. యుద్ధం ఎప్పుడూ పాపమే అనే వాదన నాది కాదు. ఆ పనిని పూర్తిచేసే సాధనం పరాయి సేన చేతిలో ఉండదు కనుక, ఎన్నేళ్ళు ఉన్నా అది పూర్తికాదు కనుక.

సికింద్రాబాదు కేంద్రంగా ఉండే పదాతిదళం 54వ డివిజన్. అడవిదున్న గుర్తు మూలాన 'బైసన్ డివిజన్' అని కూడా అంటారు. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జె.ఆర్. జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మరునాడే ఈ డివిజన్ జాఫ్నా దగ్గరి పలాలీ విమానాశ్రయంలో దిగడం మొదలుపెట్టింది. భారత శాంతి పరిరక్షక దళం, అనగా ఐపీకేఎఫ్, మొట్టమొదటి రూపం ఇదే. దాని అధిపతి మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్. ఆ జూలై 30నే కొలంబోలో సైనిక వందనం స్వీకరిస్తున్న రాజీవ్ గాంధీని ఒక సింహళ నావికుడు తుపాకీ మడమతో కొట్టబోయాడు. ఆ దృశ్యాన్ని ఆనాటి పత్రికల్లో చూసినవారికి అది ఇప్పటికీ గుర్తుండి ఉంటుంది. ఒకే రోజున ఉత్తరాన పూలదండలు, దక్షిణాన తుపాకీ మడమ.

సేన వెళ్ళింది ఎందుకు? ఒప్పందం ప్రకారం తమిళ సాయుధ వర్గాలు ఆయుధాలు అప్పగించాలి, శ్రీలంక సేన శిబిరాలకు పరిమితం కావాలి, ఉత్తర, తూర్పు రాష్ట్రాలకు స్వపరిపాలన రావాలి. మన దళం నడుమ నిలబడి ఇదంతా సజావుగా జరిగేటట్టు చూడాలి. యుద్ధం చేయడానికి వెళ్ళినవారు కారు. పైగా ఎల్టీటీఈ మనకు కొత్తదీ కాదు. 1983 జూలై నాటి తమిళుల ఊచకోత తరువాత ఆ వర్గాలకు శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది మన ప్రభుత్వ యంత్రాంగమే. 1987 జూన్ 4న జాఫ్నా మీద మన విమానాలు బియ్యం, పప్పు బస్తాలు జారవిడిచాయి కూడా.

మా వీధి చివర ఒక విశ్రాంత సుబేదారు గారున్నారు, శ్రీకాకుళం వైపు వారు. ఆ తొలి నెలల్లో జాఫ్నాలో ఉన్నారు. సాధారణంగా ఆ విషయం ఎత్తరు. నేను ఒకటికి రెండుసార్లు అడిగితే ఇంతే చెప్పారు:

"మేము దిగినప్పుడు బళ్ళు ఆపి మరీ మెడలో దండలు వేశారు బాబూ. ముసలమ్మలు చెంబుల్తో మజ్జిగ తెచ్చి ఇచ్చేవారు. దసరాలు దాటాయో లేదో, అదే వీధిలో మేము నడిస్తే తలుపులు మూసుకున్నారు. మనుషులు మారలేదు. మేమూ మారలేదు. మాకొచ్చిన ఆర్డరు మారిపోయింది."

మారిన క్రమం ఇది. ఆయుధాల అప్పగింత నామమాత్రంగా సాగింది. సెప్టెంబరు 26న ఎల్టీటీఈ యువకుడు తిలీపన్ నిరాహారదీక్షలో మరణించాడు. అక్టోబరు 5న శ్రీలంక నావికాదళం పట్టుకున్న ఎల్టీటీఈ వారిలో 12 మంది, కొలంబోకు తరలించబోతున్నారని తెలిసి, పలాలీలో సయనైడు మింగి చనిపోయారు. దాంతో తెగింది. అక్టోబరు 10న ఆపరేషన్ పవన్ మొదలైంది. శాంతి పరిరక్షక దళం యుద్ధదళమై జాఫ్నాను పట్టుకోవడానికి బయలుదేరింది. 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ పటాలం 30 మందిలో ఒక్కరు తప్ప అందరూ మరణించారు. ఎదుటివాడి బలమెంతో తెలియకుండా, పటం కూడా సరిగా లేకుండా పంపిన సేన అది. కొద్ది వారాల పని అన్న ధీమా అప్పటి ఢిల్లీలో ఉండింది.

నెలాఖరుకు జాఫ్నా పట్టణం చేజిక్కింది. కాని ఆ పట్టుకోవడంలో జరిగినదాన్ని తలుచుకోకుండా ఈ వ్యాసం రాయడం నిజాయితీ అనిపించుకోదు. అక్టోబరు 21, 22 తేదీల్లో జాఫ్నా ఆసుపత్రిలోకి మన సైనికులు ప్రవేశించారు. వైద్యులు, నర్సులు, రోగులు కలిపి 60 మందికి పైగా మరణించారు. లోపలి నుంచి ఎల్టీటీఈ కాల్పులు జరిపిందని, ఎదురుకాల్పుల్లో చిక్కుకున్నారని మనవారు చెప్పారు. చూసిన ఆసుపత్రి సిబ్బంది చెప్పినది వేరు. 1989 ఆగస్టులో వల్వెట్టితురైలో మరొకటి: ఎల్టీటీఈ దాడిలో మన జవాన్లు మరణించిన తరువాత, ఆ ఊళ్ళో 50 మందికి పైగా పౌరులు చనిపోయారు. అలాంటివి చేసింది క్రూరులతో నిండిన సేన అని నేననను. మా సుబేదారు గారి వంటివారే ఆ సేన. ఎవడు శత్రువో, ఎవడు కొట్టువాడో తెలియని వీధుల్లో, భాష రాని ఊళ్ళో, నెల తరువాత నెల పహరా తిరిగే మనిషికి ప్రతి కిటికీ తుపాకీ గొట్టంగానే కనిపిస్తుంది. దీర్ఘకాలపు జోక్యం సైనికుడిని ఆ స్థితిలోకి నెడుతుంది. ఆ స్థితిలోకి అతన్ని పంపినవారు మాత్రం ఢిల్లీలో ఉంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. సేన బలం అంతకంతకు పెరిగి 70 వేలు దాటింది. నాలుగు డివిజన్ల సేన ఒక చిన్న ద్వీపపు ఉత్తర, తూర్పు భాగాల్లో మోహరించింది. పట్టణాలు మనవి, అడవులు వారివి. ఈ దశలో ఢిల్లీకి కూడా తెలిసింది, తుపాకీతో ఇది తేలదని. అందుకే రాజకీయ పరిష్కారానికి ప్రయత్నించారు, ఆ సంగతి ఒప్పుకోవాలి. 1988 నవంబరులో ఉత్తర, తూర్పు ప్రాంతాలకు రాష్ట్ర మండలి ఎన్నికలు జరిగాయి. ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ పార్టీకి చెందిన వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యారు. మన అండతో తమిళ జాతీయ సైన్యం అనే దళాన్ని కూడా కూర్చారు. దానిలోకి కుర్రవాళ్ళను ఇళ్ళలోంచి లాక్కువచ్చి చేర్చారన్న ఆరోపణలు అప్పుడే వచ్చాయి.

ఆ ప్రభుత్వం ఎంతకాలం నిలిచింది? మన సేన ఉన్నంతకాలం. సేన వెనుదిరగడం మొదలుపెట్టగానే ఎల్టీటీఈ ఆ దళాన్ని ఒక్కొక్క ఊళ్ళో తుడిచిపెట్టుకుంటూ వచ్చింది. 1990 మార్చి 1న పెరుమాళ్ ఈలం ప్రకటన వంటిదొకటి చేసి, తరువాత దేశం విడిచి వెళ్ళిపోయారు. ఆ జూన్‌లో మద్రాసు నగరం నడిబొడ్డున ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు పద్మనాభను, ఆయన సహచరులను ఎల్టీటీఈ కాల్చి చంపింది. ఏ ఉగ్రవాదాన్ని సముద్రానికి అవతలే అణచాలని వెళ్ళామో, అది మన వెంటే ఓడ దిగి వచ్చింది.

ఇక్కడ నేను తెలంగాణ వైపు ఒకసారి చూడవలసి వస్తోంది. ఇది విదేశం సంగతి కాదు, పోలిక అసంపూర్ణమని నాకు తెలుసు. అయినా చెబుతాను. 1948 సెప్టెంబరు 13న భారత సేన నిజాం రాజ్యంలో ప్రవేశించింది. ఐదు రోజుల్లో రజాకార్ల కథ ముగిసింది. (ఆ రోజుల్లోనూ ఆ తరువాతా ముస్లింల మీద జరిగిన హత్యాకాండను గురించి సుందర్‌లాల్ సంఘం ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు బయటకు రాలేదు. అది వేరే వ్యాసానికి తగిన విషయం.) కాని కమ్యూనిస్టు దళాల మీద అదే సేన మూడేళ్ళు పోరాడవలసి వచ్చింది. నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో శిబిరాలు, నిర్బంధాలు, కాల్పులు. మన పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లో అవి ఇంకా ఉన్నాయి.

మరి ఆ పోరు దేనితో ముగిసింది? 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు. అదే ఏడాది అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. 1952 ఎన్నికల్లో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడి, రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. నిన్నటిదాకా సేన వేటాడిన ఉద్యమం శాసనసభలో ప్రతిపక్షమై కూర్చుంది. భూసంస్కరణలు గొప్పగా అమలయ్యాయని నేను చెప్పడం లేదు, ఎంత అరకొరగా జరిగాయో మనందరికీ తెలుసు. అయినా ఆ అరకొర చట్టమూ ఆ ఓటూ ఇవ్వగలిగిన ప్రభుత్వం ఒకటి అక్కడ ఉంది. ఇచ్చినది నచ్చకపోతే ఐదేళ్ళకు దానిని దించగల హక్కు ఆ పల్లెవాళ్ళకు ఉంది.

జాఫ్నాలో మన సేన చేతిలో అది లేదు. తమిళ రైతుకు భూమి మీద హామీ మన జనరల్ ఇవ్వలేడు. అతని కొడుక్కి కొలంబోలో ఉద్యోగం ఇప్పించలేడు. సింహళ పార్లమెంటు చేత చట్టం చేయించి దానిని నిలబెట్టలేడు. ఒప్పందం ప్రకారం శ్రీలంక రాజ్యాంగానికి 13వ సవరణ అయితే వచ్చింది. ఉత్తర, తూర్పు రాష్ట్రాల విలీనాన్ని మాత్రం 2006లో ఆ దేశపు సుప్రీంకోర్టు చెల్లదని కొట్టివేసింది. దాదాపు 1,200 మంది భారత సైనికుల ప్రాణాలు ఖర్చయిన ఒప్పందపు ముఖ్యాంశం ఒక తీర్పుతో పోయింది. ఆ తీర్పును తప్పుపట్టే అధికారం కూడా మనకు లేదు, అది వారి దేశం. ఆఫ్ఘనిస్తాన్‌లో జరిగినదీ ఇదే కదా. 2001 అక్టోబరులో మొదలైన యుద్ధం 20 ఏళ్ళు నడిచింది. ఎన్నికలు జరిపారు, సైన్యాన్ని కూర్చారు, జీతాలిచ్చారు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌లోకి నడిచి వచ్చేసరికి, ఆ సైన్యం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. నా యువమిత్రుడు అంటున్న 'ఇంకొంతకాలం' అక్కడ నిజంగానే దొరికింది. రెండేళ్ళు చాలకపోతే ఇరవై ఏళ్ళు. పెరుమాళ్ ప్రభుత్వానికీ, కాబూల్ ప్రభుత్వానికీ తేడా కాలంలోనే ఉంది కాని పునాదిలో లేదు.

దీర్ఘకాలంలో మరొకటి కూడా జరుగుతుంది. సేన ఎందుకు వచ్చిందన్న కారణం మారుతూ పోతుంది. మొదట తమిళులకు రక్షణ. తరువాత ఎల్టీటీఈని నిరాయుధం చేయడం. ఆపైన ఎన్నికల నిర్వహణ. 1989 నాటికి మిగిలిన కారణం ఒక్కటే: ఉత్తచేతులతో తిరిగిరాకూడదన్న పరువు. ఇంటి యజమాని పొమ్మన్నాడు కూడా. ఆ సంవత్సరం అధ్యక్షుడైన ప్రేమదాస, జూలై 29కల్లా వెళ్ళిపోవాలని బహిరంగంగా గడువు పెట్టారు. అంతటితో ఆగక, మన సేనతో పోరాడుతున్న ఎల్టీటీఈకి ఆయుధాలు అందజేశారు. మరోవైపు దక్షిణాన, భారత సేన ఉనికినే నినాదంగా చేసుకుని జేవీపీ సింహళ యువకులను కూడగట్టింది. ఆ తిరుగుబాటులో, దానిని అణచడంలో వేలాది మంది చనిపోయారు. ఉత్తరాన ఒక మంట ఆర్పడానికి వెళ్ళి దక్షిణాన మరొకదానికి ఎండుపుల్లలు అందించామన్నమాట. (ప్రేమదాస ఇచ్చిన ఆయుధాల సంగతి: 1990 జూన్‌లో ఎల్టీటీఈ లొంగిపోయిన వందలాది శ్రీలంక పోలీసులను చంపింది. 1993 మే 1న ప్రేమదాసనే చంపింది.)

చివరికి వి.పి. సింగ్ ప్రభుత్వం వచ్చాక సేనను వెనక్కు పిలిచారు. 1990 మార్చి 24న ఆఖరి దళం ట్రింకోమలీ నుంచి బయలుదేరింది. మద్రాసు రేవులో వారికి స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. నాకు ఆయన రాజకీయం అర్థమవుతుంది, తన తమిళులను చంపి వచ్చిన సేన అన్నది ఆయన భావన. కాని దిగుతున్న జవాను వైపు నుంచి చూడండి. వెళ్ళినచోట శత్రువు, వచ్చినచోట అపరాధి. మా సుబేదారు గారిని ఆ రోజు గురించి అడిగితే, "నేను అంతకుముందే వచ్చేశానండి" అని మాట మార్చారు.

మరుసటి ఏడు 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ఎన్నికల ప్రచారం ముగించుకుని మద్రాసుకు విమానంలో బయలుదేరారు. ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో ఏం జరిగిందో చెప్పనక్కరలేదు. ఆ తరువాతి నెలలో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారు. సేన లంకలో ఉన్న 1988, 89 సంవత్సరాల్లో విదేశాంగ మంత్రి ఆయనే.

ఇక ఎదుటి వాదనలు. నాకు బలమైనవిగా తోచేవి మూడున్నాయి.

మొదటిది: విదేశీ జోక్యం ఎప్పుడూ విఫలం కాలేదు కదా అని. నిజమే. 1971 డిసెంబరులో మన సేన బంగ్లాదేశ్‌లో 13 రోజులు పోరాడింది. 1972 మార్చి 12న ఢాకాలో వీడ్కోలు కవాతు చేసి వచ్చేసింది. గెలిచిన సేన మూడు నెలల్లో ఇల్లు చేరడం ప్రపంచ చరిత్రలో తరచు కనిపించేది కాదు. 1988 నవంబరు 3న మాల్దీవులలో ప్రభుత్వాన్ని కూలదోయడానికి కిరాయి సాయుధులు దిగితే, అదే రాజీవ్ గాంధీ అదే రాత్రి ఆగ్రా నుంచి దళాలను పంపారు. తెల్లవారేసరికి మాలే చక్కబడింది. ఓడలో పారిపోతున్నవారిని ఐఎన్‌ఎస్ గోదావరి అడ్డుకుంది. (మన నది పేరు చూసి నాకు కొంచెం గర్వం కలిగిన మాట వాస్తవం.) ఆ సాయుధులు కూడా శ్రీలంక తమిళ వర్గాలలో ఒకటైన ప్లోట్‌కు చెందినవారే. అదే ప్రధాని, అదే సేన, దాదాపు అదే శత్రువు, అదే సంవత్సరం. ఒకచోట గంటల్లో ముగిసింది, మరొకచోట మూడేళ్ళలో ముగియలేదు. మాలేలో అప్పగించడానికి ఒక ప్రభుత్వం సిద్ధంగా ఉంది. ఢాకాలో ప్రజలు ఓటు వేసి గెలిపించిన నాయకత్వం సిద్ధంగా ఉంది. జాఫ్నాలో మనమే తయారుచేయవలసి వచ్చింది. కనుక నేను జోక్యాన్ని మొత్తంగా కాదనడం లేదు. ఎవరికి అప్పగించి వస్తామో ముందే చెప్పలేని జోక్యాన్ని కాదంటున్నాను.

రెండవది: ఎల్టీటీఈని 2009 మేలో శ్రీలంక సేన సమూలంగా అణచింది, పట్టుదల ఉంటే సాధ్యమే కదా అని. సాధ్యమే. కాని అణచింది వారి సొంత సేన, వెళ్ళిపోవలసిన అవసరం లేని సేన. అందుకు చెల్లించిన మూల్యం ఎంతో కూడా చూడాలి. ఆఖరి నెలల్లో 40 వేల దాకా పౌరులు మరణించి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2011లో చెప్పింది. అంత మూల్యాన్ని పరాయి గడ్డ మీద, పరాయి పిల్లల ప్రాణాలతో మనం చెల్లించి ఉంటే సమర్థించగలిగేవాళ్ళమా? నా మటుకు నేను సమర్థించలేను.

మూడవదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది. అక్కడికి వెళ్ళకపోతే వాళ్ళు ఇక్కడికి వస్తారు అన్నది. హైదరాబాదువాళ్ళం ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేము. 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 42 మంది చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి 'సరిహద్దు దాటి వెళ్ళి పదేళ్ళు కూర్చుందాం' అని ఉంటే, కోపంలో నేనూ ఔననేవాడినేమో. కాని తరువాత జరిగినది చూడండి. నేరస్థులను పట్టింది పోలీసులు, ఎన్‌ఐఏ. దిల్‌సుఖ్‌నగర్ కేసులో 2016లో ఐదుగురికి మరణశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని ఖరారు చేసింది. గోకుల్ చాట్ కేసులో 2018లో తీర్పు వచ్చింది. నత్తనడకే. బాధితుల కుటుంబాలకు పదకొండేళ్ళంటే ఎంతో నాకు తెలుసునని చెప్పుకోలేను. పథకం వేసినవారందరూ దొరకలేదు కూడా. అయినా ఇరవై ఏళ్ళ యుద్ధం ఆఫ్ఘనిస్తాన్‌లో ఎవరికీ ఇంతమాత్రపు న్యాయమైనా చేసినట్టు నాకు కనబడదు. ఆ యుద్ధపు ఐదో ఏట, 2006 ఏప్రిల్‌లో, అక్కడ టెలిఫోన్ వ్యవస్థ పనిమీద వెళ్ళిన ఒక హైదరాబాదు ఇంజనీరును తాలిబన్లు ఎత్తుకుపోయి చంపారు. అప్పటికి ఆ దేశం నిండా విదేశీ సేనలే. మన దేశం మాత్రం అక్కడికి సేనను పంపలేదు. జరంజ్ నుంచి దెలారామ్ దాకా రోడ్డు వేసింది, హేరాత్ దగ్గర ఆనకట్ట కట్టింది, పార్లమెంటు భవనం కట్టి ఇచ్చింది. వాటిలో ఏవి ఎంతకాలం నిలుస్తాయో తెలియదు గాని, వాటి కోసం ఎవరినీ చంపవలసి రాలేదు.

పంపమని అడిగినవారు లేకపోలేదు. 2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ సేనను పంపవలసిందిగా అమెరికా కోరింది. ఢిల్లీలో పెద్ద చర్చే జరిగింది, పంపాలన్నవారూ ఉన్నారు. జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం కుదరదని చెప్పింది. ఆ నిర్ణయం వెనుక జాఫ్నా జ్ఞాపకం లేదంటే నేను నమ్మను. అన్నట్టు, సేనను విదేశాలకు పంపడానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం కావాలన్న నిబంధన మన రాజ్యాంగంలో ఈనాటికీ లేదు. 1987లో సంతకం జరిగిన మరునాటికి డివిజన్ దిగిందంటే, ఎవరిని అడిగి పంపారన్న ప్రశ్న అడిగే వ్యవధి ఎవరికీ లేకపోయింది. నా యువమిత్రుడు ఐదేళ్ళు, పదేళ్ళు అంటున్నాడు. కనీసం ఏటా ఒకసారైనా లోక్‌సభ చేతులెత్తి ఔననాలి, లేకపోతే సేన వెనక్కు రావాలి అన్న నియమముంటే, అటువంటి పదేళ్ళు చాలామటుకు రెండో ఏటనే ఆగిపోతాయని నా నమ్మకం.

బొల్లారం గురించి మొదలుపెట్టాను కనుక ఇంకొక్క మాట. ఈ కంటోన్మెంటు అసలు ఎలా వచ్చింది? 1798లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషువారితో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. శత్రువుల నుంచి, అల్లరిమూకల నుంచి రక్షించడానికి పిలిచిన సేన అది. దాని కోసమే సికింద్రాబాదు వెలిసింది. బొల్లారం హైదరాబాదు కంటింజెంటు అనే మరొక దళానికి స్థావరమైంది. ఆ దళం ఖర్చు భరించలేక 1853లో నిజాం బీరారు ప్రాంతాన్నే ఇంగ్లీషువారి పరం చేయవలసి వచ్చింది. రాష్ట్రపతి నిలయం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు విడిది. రక్షణకని పిలిచిన సేన ఎన్నాళ్ళున్నదీ లెక్క వేసుకుంటే ఒకటిన్నర శతాబ్దం. జాఫ్నావాళ్ళు తలుపులు ఎందుకు మూసుకున్నారో అర్థం చేసుకోవడానికి మనకు వేరే దేశపు చరిత్ర అవసరం లేదు. ఆనాడు తలుపులకు ఇవతల ఉన్నది మన ముత్తాతలే.

కొలంబో శివార్లలో ఐపీకేఎఫ్ జవాన్ల స్మారకం ఉంది. నల్లరాతి మీద పేర్లు చెక్కి ఉంటాయి. దానిని కట్టించింది శ్రీలంక ప్రభుత్వం. మన రాజధానిలో జాతీయ యుద్ధ స్మారకం 2019లో గాని రాలేదు.

సుబేదారు గారు నెలకొకసారి తిరుమలగిరి సైనిక ఆసుపత్రికి వెళతారు. మొన్న ఆయన్ను నా బండి మీద దింపి, అక్కడి నుంచి నేను శామీర్‌పేట వెళ్ళవలసిన పని పడింది. అల్వాల్, బొల్లారం, హకీంపేట మీదుగా పోయే ఆ దారి పేరు రాజీవ్ రహదారి. దిగేటప్పుడు యువమిత్రుడి ప్రశ్న ఆయనకు చెప్పాను. మందుల సంచీ సర్దుకుంటూ, "ఆ అబ్బాయి వెళతాడా బాబూ?" అని అడిగారు. వ్యంగ్యంగా అన్నట్టు లేదు. తెలుసుకుందామనే అడిగినట్టుంది. అతను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడని చెప్పాను.